కాశయ్యన్న పెట్టని సంతకం

కాశయ్యన్న తను రాసిన కంప్యూటర్ ప్రోగ్రామును ఊరికే పంచిపెట్టి మునిగిపోయాడని మార్కాపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. మొన్న పలకరాళ్ల లారీలు తూచే కాటా దగ్గర నిలబడి ఉంటే, లోపల చీటీ అచ్చువేసే ప్రింటరు కీచుమంది. ఆ శబ్దం ఎక్కడ విన్నా నాకు ఆయన గొంతే వినిపిస్తుంది. చీటీ మీద తెలుగు ఒత్తులు ఎక్కడివక్కడ కుదురుగా కూర్చున్నాయి. కాటా ఓనరు దాన్ని చింపి డ్రైవరుకిస్తూ, "ఆ పిచ్చాయన రాసిందే అక్కా, దానం చేసి పోయినాడు" అని నవ్వాడు. ఆ పిచ్చాయన దగ్గరే నేను పని నేర్చుకున్నానని చెప్పబోయి మానుకున్నాను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఆయనది వెలిగండ్ల పక్క పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. మార్కాపురంలో జిరాక్సు షాపు పైన రెండు గదులు తీసుకుని కాటాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాడు. డిగ్రీ, దానికి మించిన నోరు వెంటబెట్టుకుని నేను చేరాను. తెలుగు అచ్చు మాకు పెద్ద తలనొప్పి. అక్షరం ఒకచోట, ఒత్తు ఇంకోచోట పడేది. ఒకరోజు ఆయన నెట్‌లోంచి ఒక లైబ్రరీ దించాడు. లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్. మన ప్రోగ్రాములో కలుపుకుంటే ఆ పని అదే చూసుకుంటుంది. అచ్చు ముత్యాల్లా పడింది. నేను గంతులేస్తుంటే ఆయన దాని లైసెన్సు చదువుతూ కూర్చున్నాడు.

"ఫ్రీనే కదన్నా, ఇంక చదివేదేంది?"

"దుడ్లకు ఫ్రీనే. షరతు ఉండాది. దీన్ని కలిపిన ప్రోగ్రాము మనం అమ్మినా, ఊరికే ఇచ్చినా, తీసుకున్నోళ్లు అడిగితే మన కోడ్ కూడా ఇయ్యాల. వాళ్లు మార్చుకున్నా, ఇంకొకరికిచ్చినా కాదనకూడదు."

"మనం రాసింది కూడానా? ఇదెక్కడి న్యాయం?"

"మా నాయన గొర్రెల న్యాయం" అన్నాడు. వాళ్ల పల్లెలో మంచి పొట్టేలు ఎవరికున్నా, ఈతల కోసం తన మందలో వదులుకోవడానికి ఇంకొకరు అడిగితే ఇస్తారట. తీసుకుపోయినవాడు, దానికి పుట్టిన పొట్టేలును రేపు మరొకడు అడిగితే లేదనకూడదు. గొర్రెపిల్లల్ని అమ్ముకోవచ్చు. పొట్టేలును దాచిపెట్టినవాడికి మాత్రం ఇంకెవరూ ఇవ్వరు. "అన్ని లైబ్రరీలూ ఇట్ల ఉండవులేమ్మా. కొన్నిటికి రాసినోళ్ల పేరు నిలబెడితే సాలు."

కొన్నేళ్లకు ఒక పెద్ద కంపెనీ మనిషి కారులో దిగాడు. ప్రోగ్రాము మీద హక్కులన్నీ కొంటాం, మీ ఉద్యోగాలు ఇక్కడే ఉంటాయి అన్నాడు. కురిచేడు నుంచి రోజూ రైలెక్కి వచ్చే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇందులో ప్రతి వరసా మా సొంతం, ఎవరికీ కోడ్ ఇవ్వాల్సిన పని లేదు అని కాశయ్యన్న సంతకం పెడితే చాలు. ఆయన లైబ్రరీ సంగతి చెప్పేశాడు. వచ్చినాయన నవ్వాడు. "రాళ్లు తూచే కాటాలో ఏముందో ఎవరు చూస్తారండీ?"

నేను ఊరుకోలేదు. ఆ ముక్క తీసేసి మనమే కొత్తది రాద్దామని కాశయ్యన్నతో అన్నాను.

"ఆయనకు ఈ నెల్లోనే కావాలంట."

"అయితే రాసినవాళ్లనే అడిగి వేరే లైసెన్సు తెద్దాం."

"దేశానికొకరు రాసినారు. అందరూ ఒప్పుకోవాల. ఎవర్నని ఎతుకుతావు?"

"మరి మా బతుకులేం కావాలన్నా?"

"నీ నోటికి నేను జవాబు చెప్పలేనమ్మా. నాది కానిది నాదని మాత్రం రాయలేను."

కారు వెళ్లిపోయింది. కొత్తగా కొనే కాటాలు లేక, కొన్నాళ్లకు ఆఫీసూ మూతపడింది. రేపు ప్రోగ్రాము చెడిపోతే ఎవరు చూస్తారని కాటాలవాళ్లు వచ్చి అడిగితే, షరతు ప్రకారం వాళ్లకు కోడ్ అప్పగించి ఊరికి వెళ్లిపోయాడు. కొన్నవాళ్లకే ఇచ్చాడు, అడిగితేనే ఇచ్చాడు. దాన్నే ఈ ఊరు దానం అంటుంది, పిచ్చి అంటుంది. అనేవాళ్ల చీటీలన్నీ, ఇక్కణ్ణుంచి గిద్దలూరు దాకా, ఆ కోడుతోనే పడుతున్నాయి.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఏ లైబ్రరీ తెచ్చినా, ముందు లైసెన్సు చదివారా అంటాను. చాదస్తమని విసుక్కుంటారు. అలిసిపోయాను గానీ, అడగడం మానలేదు. కాశయ్యన్నను అడగాల్సింది మాత్రం మిగిలిపోయింది, ఆయన పోయాడు. మొదటిరోజే చదివావు కదన్నా, అమ్మకానికి అడ్డొస్తుందని అప్పుడే తెలుసు కదా. ఆ లైబ్రరీ తెచ్చింది ఒత్తుల కోసమేనా, రేపు ఎవరొచ్చినా మనల్ని కొనలేకుండా ముందే గడియ పెట్టావా? అట్లయితే, ఆ గదిలో నేనూ ఉన్నాను కదా, నన్ను ఒక్క మాట ఎందుకు అడగలేదు?