థామస్ కడిగిన నీటిమొక్కలు

మా తమ్ముడు థామస్ పని పురుగుల్ని చంపడం. వీరులపాడు మిరపతోటల్లో ఇరవై ఏళ్లుగా వీపున స్ప్రేయర్ మోస్తూ కూలికి పురుగుమందు కొడుతున్నాడు. పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉంటాడు.

నేను కొత్తగా కొన్న అక్వేరియం చూసి, “చేపలు దాక్కోడానికి చోటుండాలక్కా,” అని నందిగామ నుంచి నీటిమొక్కలు తెచ్చాడు. షాపతను బాగా కడిగి నాటమన్నాడట. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి కడిగి, గులకరాళ్లలో గుచ్చి, మురిసిపోతూ కూర్చున్నాడు.

పది నిమిషాల్లో చేపలకు పిచ్చెత్తింది. అద్దానికి తలలు బాదుకున్నాయి. గిరగిరా తిరిగి వెల్లకిలా పడ్డాయి. ఒకటి నీళ్లలోంచి ఎగిరి నా కాళ్ల దగ్గర పడి, నోరు తెరిచి కొట్టుకుని కొట్టుకుని చచ్చింది.

“దేంట్లో కడిగావురా?” అన్నాను.

“నా బకెట్లోనే.”

అది వాడు పురుగుమందు కలుపుకునే బకెట్. నాకు ఒళ్లు మండిపోయింది. మూలనున్న బూజుకర్ర అందుకుని వాడి వీపు మీద బాదాను. కర్ర విరిగేదాకా బాదాను. వాడు చెయ్యైనా అడ్డం పెట్టలేదు.

“విషం కలిపే బకెట్లో కడుగుతావా? బుద్ధుందా నీకు?” అంటూ విరిగిన ముక్క మళ్లీ ఎత్తాను.

“ముందు బకెట్ రెండుసార్లు కడిగానక్కా,” అన్నాడు, చచ్చిన చేపను అరచేతిలోకి తీసుకుంటూ. “రోజూ అట్లా కడిగేగా, దాంతో నేను స్నానం చేసేది.”