అప్పన్న లేని దెబ్బ

హిందీవాళ్ల ఊరు బాగ్‌బేరాలో స్థిరపడ్డ డోలక్ వాద్యగాడు పోలరాజు, స్టూడియోలోనైనా సరే, "అప్పన్నా!" అని సింహాచలం దేవుణ్ణి తలవందే డోలక్ మీద చెయ్యి వెయ్యలేడు. వాయించినవాడి పేరు ఆల్బమ్ మీద ఏ మహానుభావుడూ వెయ్యడు కనక, పాట మొదట్లో వినబడే ఆ పిలుపే తన పేరనుకునేవాడు.

ఈసారి అతను వాయించిన పాట ప్రతి పెళ్లి ఊరేగింపులోనూ మోగిపోయింది. పిలుపు మాత్రం లేదు. పోలరాజు స్టూడియోకెళ్లి, పాటలు కూర్చే పింటూని నిలదీశాడు.

"నా అప్పన్నని ఏటి చేసినావురా?"

"అది నాయిస్, కాకా. సాఫ్ కర్ దియా, తుడిచేశాను."

"పోన్లే. కొత్త పాటకెప్పుడు రమ్మంతావు?"

"దేనికి? నీ చెయ్యి దీంట్లోనే ఉంది కదా, ఏ కొత్త పాటకైనా ఇదే వాయిస్తుంది," అంటూ పింటూ కంప్యూటర్ మీట నొక్కాడు.

డోలక్ మోగింది. అచ్చంగా పోలరాజు దెబ్బే, దేవుణ్ణి తలవకుండానే పడుతోంది.