బిళ్ల మీద నంబరు

సెంటినరీ కాలనీ బడిలో ఆరో తరగతి లెక్కలు చెప్పిన మా టీచర్ ఇక లేరని శంకర్ ఫోన్ చేశాడు. బాధపడుతూనే ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె పేరెత్తితే మాకు గుర్తొచ్చేది క్లాసు లీడర్ ఎన్నికే.

తెలంగాణ రాకముందు ముచ్చట. కాలనీ అంతా బొగ్గుగని యూనియన్ ఎన్నికల హడావిడి. ఓటంటే ఏమిటని అడిగితే, చెప్తే ఎక్కదు, వేస్తేనే ఎక్కుతుందన్నారు టీచర్. వాళ్ల నాన్న గని ల్యాంపురూంలో పనిచేసేవాడు. గనిలోకి దిగేవాళ్లు తమ నంబరు బిళ్లను మేకుకు తగిలించి దీపం తీసుకున్నట్టే, మేమూ తలుపు వెనక చెక్కపలక మీద, నచ్చినవాళ్ల మేకుకు అట్టబిళ్ల తగిలించి రావాలి. పోటీలో శంకర్, స్వప్న, రవి, ఒక్కొక్కరికి ఒక్కో మేకు.

శంకర్ నా జిగ్రీ దోస్తు. ఓటు నీకేనని ఒట్టేశాను. కానీ వాడు లీడరైతే అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు, మొదటి పేరు నాదే. స్వప్నకు వేసేశాను.

పలక బయటికి తెచ్చాక చూస్తే ఏముంది, టీచర్ అలవాటు కొద్దీ బిళ్లల మీద మా రోల్ నంబర్లు రాశారు, తగిలించేటప్పుడు ఎవరికీ తట్టలేదు. స్వప్న మేకుకు నా పదిహేడు వేలాడుతోంది. శంకర్ ఒక్క ఓటుతో ఓడిపోయాడు. బ్యాగు తీసుకుని వేరే బెంచీకి పోయాడు. నాకు ఏడుపొచ్చింది.

టీచర్ నెత్తి కొట్టుకున్నారు. "తప్పు వీనిది కాదు, నాది. గనిల ఎవరు దిగిన్రో తెల్వాలె, గందుకే నంబరు. ఓటు ఎవరికేసినవో అవ్వకు గూడ చెప్పద్దు."

మర్నాడు ఎన్నిక మళ్లీ పెట్టి చీటీలు పంచారు. ఈసారి పద్ధతే వేరు. బాగా నచ్చినవాళ్ల పేరు మొదట, వాళ్లు గెలవకపోతే ఎవరు కావాలో ఆ పేరు రెండోది. ఎవరికీ సగం దాటకపోయేసరికి, అందరికన్నా తక్కువ వచ్చిన రవిని తప్పించి, వాడి చీటీల్లో రెండో పేర్లు లెక్కేస్తే శంకర్ గెలిచాడు. అవే పిల్లలు, అదే క్లాసు, లెక్క తీరు మారితే లీడర్ మారాడు. ఇదెక్కడి న్యాయమని స్వప్న కొట్లాటకు దిగితే టీచర్ తెగ మురిసిపోయారు. గట్లనే అడగాలె బిడ్డా అన్నారు.

శంకర్ మళ్లీ నా పక్కకొచ్చి కూర్చున్నాడు. నా కోడిగీతల రాత టీచర్‌కు బాగా తెలుసు. అయినా నా చీటీ చదివేటప్పుడు నా వైపు చూడలేదు. ఆ మేలు మరువలేను.

ఫోన్ వచ్చిన మర్నాడు, టీచర్ సమాధిలో వేయడానికి పిడికెడు మట్టి తీసుకుంటుంటే శంకర్ నా చెవిలో అడిగాడు. "ఇప్పుడన్న చెప్పురా, రెండోసారి నాకే ఏసినవ్ గదా?"

"అవ్వకు గూడ చెప్పద్దు" అన్నాను.

వాడు నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. అదే చేత్తో కళ్లు తుడుచుకుంటే మట్టి చెంపకంటింది.