వదినె అప్పజెప్పిన కలబంద

మా పక్కింటి వదినె పోయిందని సోమవారం పొద్దున ఆమె కూతురు హైదరాబాదు దవాఖాన నుంచి ఫోన్ చేసింది. నారాయణఖేడ్‌లో మా వాడకట్టులో ఎవరి చేయి కాలినా ముందు పరుగెత్తేది వదినె వాకిట్లోని కలబంద దగ్గరికే. ఆమె అడుగు ఆకు కోసి, పసుపు జిగురంతా కారిపోయాక గాని గుజ్జు రాసేది కాదు. ఏడ్చేవాళ్లను, "ఆగు, నీకంటె ముందు ఆకు ఏడ్వాలె" అనేది.

ఆ మొక్క నాగల్‌గిద్దలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తల్లి చేతి గుర్తు అదొక్కటే మిగిలింది. దవాఖానకు పోతూ నాకు అప్పజెప్పింది.

"టీచరమ్మా, ఊకె నీళ్లు పొయ్యకు. మట్టిల వేలు పెట్టి చూడు. తడి తగిల్తె చెయ్యి ఎనక్కి తీస్కో."

ముప్పై ఏళ్లు బడిలో చెప్పినదాన్ని, నాకొకరు చెప్పాలా? పైగా నీళ్లకు మొహం వాచిన మెట్టసీమ మాది. మండుటెండలో మొక్కను చూస్తూ ఊరుకోవడం పాపమనిపించింది. రోజూ చెంబెడు పోశాను. తొమ్మిదో రోజుకు ఆకులు ఉడికిన వంకాయల్లా మెత్తబడ్డాయి. మొదలు దగ్గర కుళ్లు వాసన.

ఆ రోజే దవాఖాన నుంచి వదినె ఫోన్. "నా మొక్కెట్లున్నది?"

"మంచిగున్నది వదినె."

ఆ అబద్ధం నాకు అన్నం దిగనివ్వలేదు. మర్నాడు నిజం చెప్పేశాను. అవతల చాలాసేపు దగ్గు.

"గంత చదివినవ్, ఊకుండుడు మాత్రం నేర్వకపోతివి" అంది. తర్వాత మెల్లగా, "కుళ్లిందంత తెల్లగ కనబడేదాక కొయ్యి. నీడకు ఆరబెట్టి మా గుమ్మానికి తలకిందులు కట్టు. ఇగ దాని బతుకు దానికియ్యి."

కోస్తూ పోతే జానెడు మిగిలింది. కట్టాను. రోజూ ఒకటే ప్రశ్న: "చిగురేసిందా?" "ఇంకా లేదు." ఆదివారం కూడా అదే చెప్పాను.

సోమవారం మధ్యాహ్నానికి ఆమెను ఇంటికి తెచ్చారు. సాయంత్రం పాడె లేపారు. గుమ్మం దగ్గర కలబంద అడ్డం వచ్చింది. ఆమె తమ్ముడు చాకు తీశాడు.

"ఎండిందే గదక్కా, తెంపుత."

అడ్డం నిలబడ్డాను. "ముట్టకు! బతికినన్ని దినాలు మీ అక్క ఎవ్వనికీ వంగలే. ఇయ్యాల మీరు జర వంగుర్రి."

గొణుక్కుంటూనే నలుగురూ మోకాళ్లు మడిచారు. వదినె ముఖం సరిగ్గా దాని కింది నుంచి దాటింది. గాలికి మొక్క తిరిగింది. అప్పుడు కనబడింది, ఆకుల నడుమ గోరంత పచ్చటి మొన, పైకి ఒంగుతూ.

చెబుదామని నోరు తెరిచాను. పాడె వీధి మలుపు తిరుగుతోంది. మొక్క కట్టిన తాడు ఇంకా ఊగుతోంది.