మేడం తాడుతో ఎగిరిన రోజు

పోయిన వారం మధ్యాహ్నం భోజనానికని రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు నుంచి కిందికి దిగేసరికి, ఎదుటి బ్యాంకు మేడ అంచు మీద వలస వచ్చిన డేగ ఒకటి కూర్చుని పావురాన్ని పీక్కుతింటోందట, జనమంతా ఫోన్లు పైకెత్తి నిలబడి ఉన్నారు. నేనూ తలెత్తాను. చూస్తూ ఉండగానే నా ఎడమచెయ్యి మోచేతి దగ్గర మడతపడి, పిడికిలి బిగించుకుని, దానంతట అదే ఛాతీ ఎత్తుకు లేచి నిలబడింది. పక్కనున్న సహోద్యోగి "ఏంటి బ్రో, బస్సు ఆపుతున్నావా?" అని నవ్వాడు. చెయ్యి దించేశాను కానీ చెవులు మాత్రం భోజనం అయ్యేదాకా వేడిగానే ఉన్నాయి. ఆ వేడి నాకు కొత్త కాదు. మొదటిసారి అది క్రాంజీ మడ అడవిలో, పాలిటెక్నిక్ చదివే రోజుల్లో తగులుకుంది.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, పాలిటెక్నిక్ సెలవులంటే ఎవరో ఒకరి దగ్గర పనికి కుదరడమే. కొందరు బట్టల షాపుల్లో, కొందరు ట్యూషన్లలో కుదిరారు. నేను మా మేనమామ దగ్గర డేగల పనికి కుదిరాను. అమ్మ పుట్టిల్లు ఈ ద్వీపానికి ఉత్తరపు కొసన ఉన్న సెంబవాంగ్. తాతయ్య అక్కడి నౌకాస్థావరంలో పనికని సముద్రం దాటి వచ్చి ఉండిపోయిన మనిషి కాబట్టి, మామయ్య మాట్లాడే తెలుగులో ఒక పాలు తమిళం, ఒక పాలు మలయ్ కలిసి ఉండేవి. క్రాంజీ పొలాల చివర, బడిపిల్లలను తీసుకొచ్చి వేటపక్షులు ఎగరడం చూపించే చిన్న కేంద్రం ఒకటి ఉండేది. ఆయన అక్కడ డేగలకు శిక్షణ ఇచ్చేవాడు. వాటిలో పెద్దది, పొగరుబోతుది, గోధుమరంగు ఆడ డేగ. దాన్ని ఆయన మేడం అనే పిలిచేవాడు. మేడం తిన్నాకే తాను తినేవాడు.

డేగ కుక్కలాగా ప్రేమతో తిరిగి రాదు, ఆకలితో వస్తుంది. అందుకే ఎగరేసే ముందు రోజూ తూకం వేస్తారు, బరువు ఎక్కువుంటే ఎగరేయరు. మిగతా సమయమంతా కాలి పట్టీలకు ఒక కట్టుతాడు తగిలించి కూర్చునే కొయ్యకు కడతారు. ఎగరేసే ముందు ఆ తాడు తప్పకుండా తీసేయాలి. తాడుతో పోయిన డేగ ఎక్కడో చెట్టుకు చిక్కుకుని, తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది. అన్నిటినీ వరసగా రాసుకుని బట్టీపట్టే అలవాటున్న నాకు ఈ పని చాలా నచ్చింది. మామయ్య సూత్రాల్లో రెంటిని మాత్రం ఆయన రోజూ చెప్పేవాడు. ఒకటి, ముడి వేశాక తాడు కొసను ఉచ్చులోంచి దూర్చి లాగాలి, లేకపోతే డేగ ముక్కుతో కొస పట్టుకుని ముడి విప్పేస్తుంది. రెండోది ఈల గురించి. "ఈల అంటే మనం ఇచ్చే మాటరా. చేతిలో కూర లేకుండా ఊదావో, మేడం నిన్ను ఇంక నమ్మదు. సుడా, ఫినిష్, అయిపోయినట్టే," అనేవాడు.

ఆ ముడి ఒంటిచేత్తో వేయాలి, ఎందుకంటే తోలు చేతొడుగు తొడిగి ఛాతీ ఎత్తున పట్టిన ఎడమ పిడికిలి మీద డేగ ఉంటుంది. ఇంట్లో కుర్చీ కాలికి తాడు కట్టి సాధన చేసి నేర్చుకున్నాను. ఆ రోజు పొద్దున బడిబస్సు వచ్చిందని మామయ్య గేటు దగ్గరికి వెళ్తూ, మేడంను కొయ్యకు కట్టి త్రాసు తీసుకురమ్మని నాతో అన్నాడు. ఆయన కూతురు, అంటే నా మరదలు, పక్కనే కంచెకు ఆనుకుని చూస్తోంది.

"ఇంత స్లోగా కట్టడానికా బావా, నువ్వు ఇంజినీరింగ్ చదివేది? నా షూ లేస్ ఫాస్టర్ లా!"

నాకు రోషం వచ్చింది. ముడిని ఒక్క విసురులో వేసి, గారడీవాడిలా చెయ్యి గాల్లోకి లేపి చూపించాను. కొస దూర్చడం మర్చిపోయాను. త్రాసు కోసం ఇద్దరం నవ్వుకుంటూ గదిలోకి వెళ్లి వచ్చేలోపు కొయ్య ఖాళీగా ఉంది. మేడం కంచె దాటి, వెనక తాడు తోకలా వేలాడుతుండగా, మడ అడవి వైపు ఎగిరిపోతోంది.

"మామయ్యకు చెప్పు, మేడం ఎగిరిపోయిందని!" అని అరిచి పరుగెత్తాను. తాడు మాట చెప్పలేదు. దాచాలని కాదు, ఆ క్షణంలో నోటికి అంతే వచ్చింది.

ఆ తర్వాత జరిగినదాన్ని అడవిలో సాహసం అనుకునే వాళ్లుంటారు. దాని కాలి గజ్జె చప్పుడు వింటూ, చిత్తడి మీద లేచి నిలుచున్న మడవేళ్లు పట్టుకుని, అడ్డొచ్చిన సముద్రపు పాయలో ఆటుకు నీళ్లు తీసి ఉన్న సమయంలో అవతలికి దాటాను. దాటేటప్పుడే ఒక చెప్పు బురదలో పోయింది. మాంసం సంచి నీళ్లలో జారిపోయింది, దాన్ని అందుకోబోయి వంగితే జేబులో ఫోన్ తడిసి చచ్చిపోయింది. అవతలి గట్టు మీద సన్నటి చెట్టు చివర్లో మేడం కనిపించింది. తాడు కొమ్మకు రెండు చుట్లు తిరిగి ఉంది. దానికి ఆ సంగతి ఇంకా తెలియదు, దర్జాగా కూర్చుని ఒళ్లు దువ్వుకుంటోంది. చెట్టేమో నా బరువు ఆగేది కాదు, అడుగున్నర ఎక్కగానే మొదలంటా వంగింది. సాయం కోసం వెనక్కి వెళ్దామని తిరిగి చూస్తే పోటు వచ్చి పాయ నిండిపోయింది.

అలవాటుకొద్దీ నా దగ్గర ఏమేం ఉన్నాయో లెక్క చూసుకున్నాను. తోలు చేతొడుగు, మెడలో ఈల, ఒంటి చెప్పు. వాన మొదలయ్యాక చేతొడుగును దోసిలిగా పట్టి ఆ నీళ్లు తాగాను, పాత పిట్టమాంసం వాసన. దోమలు, ఎర్రచీమలు, నన్ను చూసి విసుక్కున్నట్టు పక్కకు తప్పుకున్న ఒక ఉడుము. ఇంతా చేసి నేనున్నది మహారణ్యం కాదు, చెట్ల అవతల లారీలు వెళ్లే చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఇంత చిన్న దేశంలో, రోడ్డు వినపడేంత దూరంలో దిక్కులేకుండా నిలబడ్డవాడిని నేనొక్కడినే అయి ఉంటాను.

ఈల ఊదితే మనుషులు వస్తారు. కానీ ఊదితే ఆకలితో ఉన్న మేడం నా చేతి మీదికి దూకుతుంది, దూకితే తాడు లాగేసి కాలు విరుగుతుంది. ఈలను పిడికిట్లో దాచుకుని, అది తాడు సంగతి మరిచిపోయి కూర్చోవాలని కోరుకుంటూ వానలో నిలబడ్డాను.

వాన తెరిపిచ్చాక అవతలి గట్టు మీద మాటలు వినిపించాయి. ముందు అమ్మ గొంతు, "ఒరేయ్ నాన్నా, ఎక్కడున్నావురా, పలకరా!" అని. మరదలు ఫోన్ చేసి పిలిపించినట్టుంది. వెనకే పిల్లల గోల, అంటే బడి వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఆ తర్వాత మామయ్య ఈల, పొడుగ్గా ఒకసారి. పైన గజ్జె గల్లుమంది. మేడం మెడ సాచి, రెక్కలు సగం విప్పి, ముందుకు వాలింది.

"ఊదొద్దు మామయ్యా!" అని అరిచాను. "తాడుతోనే ఎగిరింది! కొమ్మకు చుట్టుకుంది! ముడి నేనే సరిగ్గా వెయ్యలేదు! ఊదొద్దు!"

అవతల గోల ఒక్కసారిగా ఆగిపోయింది. రెండో ఈల రాలేదు. మేడం అలా వాలే ఉండి, కాసేపు అటూ ఇటూ చూసి, ఇష్టం లేనట్టుగా రెక్కలు ముడుచుకుంది. ఆ నిశ్శబ్దంలో అమ్మ, మరదలు, ముక్కూ మొహం తెలియని బడిపిల్లలు, అందరూ నా మాట విన్నారని నాకు అర్థమై, చెవులు భగ్గుమన్నాయి.

మామయ్య మాంసం సంచి తల మీద పెట్టుకుని నడుము లోతు నీళ్లలో దాటి వచ్చాడు. చెట్టును, తాడును, నన్ను, ఆ వరసలోనే చూసి చతికిలబడి కూర్చుని భుజాలు చూపించాడు. నేను కదల్లేదు. పొరపాటున పెద్దవాళ్లకు కాలు తగిలితే వెంటనే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినవాణ్ని, మోకాళ్ల దాకా బురద.

"ఎక్కరా ముడిగాడా!" అని కసిరాడు. "నా చొక్కా ఉతుక్కోవచ్చు. దాని కాలు పోతే నువ్వు తెచ్చిస్తావా?"

ఎక్కాను. ఆయన వణుకుతూ లేచి నిలబడ్డాడు. చేతొడుగు మీద మాంసం ముక్క పెట్టి మేడం కాళ్ల దగ్గరికి జరిపాను. అది తాపీగా నా పిడికిలి మీదికి అడుగుపెట్టి తినడం మొదలుపెట్టింది. మామయ్య కింద నుంచి అందించిన కత్తితో, రెండో చేత్తో తాడు కోసేశాను. దిగాక మామయ్య కాళ్లకు మొక్కబోతే చేతి మీద డేగ ఉండి వంగలేకపోయాను. "రేపు మొక్కుదువులే, ముందు దాన్ని పూర్తిగా తిననీ," అని ఆయన పకపకా నవ్వాడు. నీళ్లు తగ్గాక ఇవతలికి వస్తే, ఏం జరిగిందో అర్థం కాని బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తలేదు.

మేడంకు ఏమీ కాలేదు, వారం తిరక్కుండా మళ్లీ ఎగిరింది. నాకు మాత్రం ముడిగాడు అనే పేరు స్థిరపడిపోయింది. ఏ పుట్టినరోజుకు కలిసినా మామయ్య కుర్చీ ఎక్కి, "ఊదొద్దు మామయ్యా!" అని నా గొంతు పెట్టి అరిచి చూపించేవాడు. నేను ఉడుక్కునేవాణ్ని, లేచి వెళ్లిపోయేవాణ్ని, ఎప్పుడు మర్చిపోతారా అని ఎదురుచూసేవాణ్ని.

ఇప్పుడు ఆ కేంద్రం లేదు, లీజు ముగిసి నేల ప్రభుత్వానికి వెళ్లింది. పాయ మీద కర్ర వంతెన, ఇరువైపులా కమ్మీలు, దారి చూపే బాణాలు వచ్చాయి, అక్కడ తప్పిపోవాలన్నా కుదరదు. నాకూ మరదలికీ పెళ్లయింది. పెళ్లిలో మామయ్య పళ్లెంలో నా కాళ్లు కడుగుతుంటే, ఇప్పుడైనా తలెత్తి ఆ పేరు పెట్టి ఏదో ఒకటి అంటాడనుకున్నాను. అనలేదు. తల వంచుకుని శ్రద్ధగా నీళ్లు పోశాడు. ఆ రోజు నుంచి నేను అల్లుడుగారిని.

పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్తే బావమరిది పిల్లలకు ఆయన కథ చెబుతున్నాడు. ఆ కథలో తాడు పుచ్చిపోయి తెగింది. మా అల్లుడుగారు ప్రాణాలకు తెగించి అడవిలో ఒంటరిగా డేగకు కాపలా కాశారు, మొసలి కూడా వచ్చింది. "క్రొకడైల్ బైట్ చేసిందా లేదా తాతా?" అని చిన్నవాడు కళ్లు పెద్దవి చేశాడు.

"తాడు తెగలేదు మామయ్యా, ముడి నేనే..." అన్నాను.

"మీరుండండి అల్లుడుగారూ, పిల్లలకు చెప్పనివ్వండి," అన్నాడు మామయ్య. వంటగది గుమ్మంలో నా భార్య పెదవి కొరుక్కుని అటు తిరిగింది.

అప్పట్లో అందరి ముందూ తిట్టినప్పుడు కలిగిన సిగ్గు సాయంత్రానికి పోయేది, ఇప్పుడు పొగిడితే కలిగే సిగ్గు రోజుల తరబడి పోవడం లేదు. నా మర్యాద కాపాడాలని ఆయన నా తప్పును తీసేశాడు, దానితో పాటు తిట్టే హక్కునూ వదులుకున్నాడు. బురద కాళ్లతో తన భుజాలెక్కమని కసిరిన మనిషి, ఇప్పుడు నేను గుమ్మంలో కనబడగానే లేచి నాకు కుర్చీ వేస్తున్నాడు.