మొద్దుబారిన కాలు, అవ్వ తెచ్చిన పావురం

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు మగవాడన్నాక ఉగాదినాడు రాతిగుండు ఎత్తి తీరాల్సిందే. పులివెందుల మామ తన కూతురిని నాకిస్తానని మాటిచ్చిన ఏడాది, ఆయన కళ్లెదుటే నేనూ ఎత్తాను. గుండు కింద పడింది, దాని పక్కనే నేనూ పడ్డాను. (ముందు ఎవరం పడ్డామన్నది మా ఊళ్లో ఇంకా తేలలేదు.) చివరికి ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నా నడుముకు ఆపరేషన్ చేశారు.

ఆపరేషన్ అయ్యాక నొప్పి నడుము నుంచి మడమ దాకా లాగేసేది. డాక్టరు, "నొప్పి మోసే నరం దగ్గర మత్తు సూది వేస్తాను, సాయంత్రం దాకా కాలు మొద్దుబారుతుంది, భయపడొద్దు" అన్నాడట. ఆ బాధలో నేను తల ఊపానే గాని ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. సూది పడ్డాక నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. దాంతోపాటు కాలూ పోయింది. నా ఎడమకాలు, ఎవరో చుట్టం వచ్చి నా పక్కన పడుకున్నట్టుంది.

అప్పుడే మా అవ్వ సంగటి పట్టుకొని వచ్చి ఆ కాలు గిల్లింది.

"నొస్తాందా నాయనా?"

"ఏం తెలీలేదవ్వా."

"అయ్యో, పక్షవాతం వచ్చె గదరా! సాయంత్రం బస్సుకు మీ మామ వస్తాండాడు. కాలు పడిపోయినోనికి పిల్లనెవరిస్తార్రా?"

డాక్టరేదో చెప్పినట్టు లీలగా గుర్తుంది, ఏం చెప్పాడో గుర్తులేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం మరి.

మా వైపు పక్షవాతానికి పావురం నెత్తురు పూస్తారు. అవ్వ బజారంతా తిరిగి, సాయంత్రానికి ఒక పావురాన్ని కొంగులో దాచి తెచ్చింది. వెనకే మామ వచ్చాడు.

"ఏందత్తా, కొంగులో ఏందో కదుల్తాంది?"

అవ్వ కొంగును ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంది. అంతలో డాక్టరు లోపలికి రావడంతో ఉలిక్కిపడి కొంగు వదిలేసింది. పావురం వార్డంతా చుట్టి, సరిగ్గా నా ఎడమపాదం మీద వాలి గోళ్లు దించింది.

"అమ్మా!" అని అరిచాను.

"నొస్తాందా?" అంది అవ్వ ఆశగా.

"శానా నొస్తాందే అవ్వా!"

మత్తు దిగిపోయి నడుము నొప్పి కూడా తిరిగొచ్చింది. నేనేడుస్తుంటే అవ్వ సంతోషం పట్టలేక నవ్వుతోంది. సంగతి విన్న మామ కూడా నవ్వి, "ఇంగేం, ముహూర్తం పెట్టిద్దాం. గుండు మాత్రం ముట్టుకోబాకు అల్లుడా!" అన్నాడు. డాక్టరు పావురాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇప్పటికీ చలికాలంలో ఆ కాలు లాగుతుంది. "నొస్తాందా?" అని అడుగుతుంది మామ కూతురు. అవునంటే విసుక్కుంటూ తైలం తెచ్చి రుద్దుతుంది. హాయిగానే ఉంటుంది. కానీ నాకు నొప్పిగా ఉందని తెలిసి అంతగా మురిసిపోయిన మనిషి మాత్రం, అవ్వ పోయాక, మళ్లీ నాకు దొరకలేదు.