పాట ఆగాక వంద

అమ్మ పోయిన నాలుగో నెలలో ఆమె పెట్టె తెరిచాను. కలరా ఉండల వాసన కింద ఇంకో వాసన ఉంది, ఎప్పుడో తడిసి ఆరిన అట్ట వాసన. రెండు నేత చీరల మధ్య, పాత తువ్వాలులో చుట్టి, ఒక గ్రామఫోను రికార్డు కనిపించింది. అట్ట మీద చొక్కా చేతులు మడుచుకుని పియానో ముందు కూర్చున్న ఒక మనిషి, సగం అటు తిరిగి ఉన్నాడు. అట్ట మూల బొద్దింకలు కొరికాయి. నాకు తెలియకుండానే నా చెయ్యి నోటి మీదికి వెళ్ళింది, ఊపిరి చప్పుడు బయటికి రాకుండా. నాకు యాభై దాటాయి. గల్ఫులో, తుబ్లీ అనే చోట ఒక క్లినిక్‌లో నర్సుగా పని చేస్తున్నాను, నా పేరు మీద నివాస కార్డు ఉంది, నా పేరు మీద ఇల్లు అద్దెకుంది. అయినా ఆ వాసనకు లేచి వెళ్ళి తలుపు గడియ పడిందో లేదో చూసుకున్నాను.

ఆ మనిషి బ్రెజిల్ దేశపు పియానో వాద్యకారుడు. జాజ్ వాయించేవాడు, కానీ ఆయన రికార్డులన్నీ బోసా నోవా అనే బ్రెజిల్ పాటలే. అది చాలా మెల్లని సంగీతం. పక్క ఫ్లాటులో వాళ్ళకు నిద్ర చెడకుండా గదుల్లో కూర్చుని గొంతు తగ్గించి పాడుకున్న సంగీతమని పెద్దయ్యాక ఒక పుస్తకంలో చదివాను. హోటళ్ళలో, లిఫ్టుల్లో, విమానం ఎగరబోయే ముందు జనానికి కంగారు తగ్గడానికి దాన్ని వినిపిస్తారు. నా చిన్నతనంలో నేను అంత భయపడుతూ విన్నది ఇంకేదీ లేదు.

నాన్న తుబ్లీలో లారీల షెడ్డులో వెల్డరు. రాజోలు దగ్గర మా ఊరి నుంచి అమ్మనీ నన్నూ మూడు నెలల విజిట్ వీసా మీద తెచ్చుకున్నాడు. రెండో నెలలో షెడ్డులో ప్రమాదం జరిగి పోయాడు. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఊళ్ళో మాకు ఆధారం ఏమీ లేకపోవడంతో అమ్మ ఇక్కడే ఇంటిపనికి కుదిరింది. సనాబిస్‌లో ఒక ముసలాయన ఇల్లు. వీసా ఇచ్చిన కఫీల్ ఆయన కొడుకు. పిల్లలు ఉండకూడదన్నది కఫీల్ షరతు. మా ఊరివాళ్ళెవరో వెళ్తుంటే వాళ్ళతో పిల్లని పంపేశానని అమ్మ అతనితో చెప్పింది. పంపలేదు. పంపడానికి ఆమెకు చేతులు రాలేదు. నా వీసా గడువు తీరిపోయింది, నేను ఆ ఇంటి మేడ మీద సామాను గదిలో ఉండిపోయాను. కఫీల్ కంటబడితే అమ్మ జైలుకి పోతుంది, నన్ను ఒక్కదాన్నీ విమానం ఎక్కించేస్తారు. అమ్మ నాకు అలాగే చెప్పింది, దాచకుండా.

ముసలాయనని మేం బాబా అనేవాళ్ళం. ఇక్కడ ఇంటిపని చేసేవాళ్ళంతా యజమానిని అలాగే పిలుస్తారు. బాబా చమురు ఓడల్లో రేడియో ఆపరేటరుగా తిరిగి మానేసినవాడు. నేను మేడ మీద ఉన్నానని ఆయనకు మొదటి వారంలోనే తెలిసింది. తెలిసిన మర్నాడే ఒక దుప్పటి పైకి పంపాడు. బ్రెజిల్‌లో సాంటోస్ రేవులో ఓడ ఆగినప్పుడు ఏదో హోటల్లో ఈ పియానో ఆయన్ని విన్నాడట, మర్నాడు బజారుకి వెళ్ళి మూడు రికార్డులు కొనుక్కున్నాడట. వచ్చీరాని హిందీలో, చేతులతో, ఓడ ఊగడం దగ్గర్నుంచి చేసి చూపిస్తూ ఆ సంగతి చాలాసార్లు చెప్పాడు. అమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. "బెజిలాయన" అనేది.

గది పైకప్పు రేకులది. బియ్యం బస్తాలు, ఖర్జూరం డబ్బాలు, ఎండుచేపల గోనెసంచి, పాత చాపలు ఉండేవి. జూలై, ఆగస్టుల్లో గాలి తడిగా బరువుగా ఉండేది, గోడకి చెయ్యి ఆనిస్తే నీళ్ళు అంటుకునేవి. శమాల్ గాలి వీచిన రోజుల్లో తలుపు సందుల్లోంచి ఇసుక వచ్చి అన్నంలో పడేది. జనవరిలో రెండు మూడు వానలు పడేవి, రేకుల మీద ఆ చప్పుడులో మాత్రం నేను గట్టిగా దగ్గుకునేదాన్ని. ఇంటి వెనక మూడు సందులు దాటితే సముద్రం. పోటు సమయంలో దాని చప్పుడు మేడ మీదికి వినిపించేది.

కఫీల్ ఎప్పుడు వస్తాడో తెలియదు. అతని దగ్గర తాళం చెవి ఉంది. కారు చప్పుడు వినగానే బాబా లేచి, మోకాళ్ళు పట్టుకుని నడిచి, బెజిలాయన రికార్డు పెట్టేవాడు. అదీ ఏర్పాటు. పాట మొదలైతే నేను ఎక్కడున్నా పైకి వెళ్ళిపోవాలి. పాట ఉన్నంతసేపూ కదలకూడదు. ఒక వైపు అయిదు పాటలు, తర్వాత రికార్డు తిరగెయ్యాలి. బాబా మోకాళ్ళతో లేచి తిరగెయ్యడానికి కొంత సేపు పట్టేది. అందుకని పాట ఆగాక వంద లెక్కపెట్టాలి. వంద అయినా మళ్ళీ మొదలు కాకపోతే కఫీల్ వెళ్ళిపోయినట్టు, దిగొచ్చు. అమ్మ ఖర్జూరపు గింజలు వరసగా పేర్చి నాకు వంద నేర్పింది. నేను యాభై తొమ్మిది నుంచి డెబ్బైకి దూకేదాన్ని.

"అరవైలేం చేసేవే? ఖర్జూరప్పళ్ళతో పాటు మింగేసేవా?" అనేది అమ్మ, నవ్వు ఆపుకుంటూ.

నిజంగా భయం వేసేది పాట ఉన్నప్పుడు కాదు, ఆగాక. పాట ఉన్నప్పుడు ఏం చెయ్యాలో తెలుసు. చాప మీద పడుకుని ప్రతి చప్పుడూ వినేదాన్ని, అందుకే ఆ రికార్డు నాకు తెలిసినంతగా ఇంకొకళ్ళకి తెలిసి ఉండదు. మూడో పాట మధ్యలో బెజిలాయన కూర్చున్న కుర్చీ ఒకసారి కిర్రుమంటుంది. నాలుగో పాటలో పియానోతో పాటు ఆయన నోట్లో నోట్లో గొణుగుతాడు. ఆ గొణుగుడు వినగానే ఇంక ఒక్క పాటే మిగిలిందని వేళ్ళు మడుచుకుని లెక్కకి సిద్ధపడేదాన్ని. అయిదో పాట అయ్యాక సూది గీసుకునే బుసబుస చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనంలో ఒకటి, రెండు, మూడు. మెట్ల మీద ఎవరిదైనా అడుగు పడిందా అని చెవులు నొప్పెట్టేలా వినేదాన్ని. చాలాసార్లు చాప తడిపేశాను. అమ్మ తిట్టలేదు, పొద్దున్నే చాప డాబా మీద ఆరేసేది.

కఫీల్ రాని రోజులు కూడా గుర్తున్నాయి, అవే ఎక్కువ. గుడ్ల అట్ట తిరగేసి ఖర్జూరపు గింజలతో వామనగుంటలు ఆడేదాన్ని. అచ్చంగిల్లాలు దుప్పటి మడత మీద ఆడేదాన్ని, గింజ పడినా చప్పుడు కాకుండా. రెండు చేతులకీ రెండు పేర్లు పెట్టి, ఎడమ చెయ్యి గెలిస్తే కుడిచేతిని వెక్కిరించేదాన్ని. ఉగాదికి అమ్మ సందు చివర వేపచెట్టు నుంచి కొంగులో పువ్వు తెచ్చింది. మామిడికాయ దొరక్క నిమ్మకాయ పిండింది. బాబా కూడా ఒక చెంచా నోట్లో వేసుకుని, చేదుకి కళ్ళు మూసుకుని, మర్యాదకి ఇంకో చెంచా అడిగాడు. రంజాన్ వస్తే సాయంత్రాలు వంటిల్లంతా ఏలకుల వాసన, మరిగే నూనె వాసన. పిండి ఉండలు వేయించి ఖర్జూరం పాకంలో వేసేవాళ్ళు. "బూరెలేనే ఇవి, పూర్ణం ఎయ్యడం మర్చిపోయేరు, అంతే" అనేది అమ్మ.

ఆ రంజాన్ నడి వేసవిలో వచ్చింది. నెల సగానికి వచ్చిన సాయంత్రం ఇక్కడి పిల్లలకు గర్గావూన్ పండుగ. ఉపవాసం విడిచాక, మెడలో గుడ్డసంచులు వేసుకుని గుంపులుగా ఇల్లిల్లూ తిరిగి పాడతారు, ప్రతి ఇంట్లో గుప్పెళ్ళతో వేరుశనగలు, బాదం, మిఠాయిలు పోస్తారు. ఆడపిల్లలు జరీ ముసుగులు వేసుకుంటారు. నేను గది గోడకున్న కన్నంలోంచి వీధిలోకి చూస్తున్నాను. ఆ పిల్లల మధ్య నుంచే కఫీల్ కారు వచ్చి ఆగింది. కింద పాట మొదలైంది.

మూడో పాట. కుర్చీ కిర్రుమంది. అంతలో పియానో సాగిపోయింది. గొంతు బొంగురుపోయిన మనిషిలా కిందికి, ఇంకా కిందికి దిగి ఆగిపోయింది. కరెంటు పోయిందని నాకు తెలియలేదు. నా గదిలో దీపం ఎప్పుడూ ఉండదు. పాట ఆగింది, అంతే తెలుసు. లెక్క మొదలుపెట్టాను. యాభై తొమ్మిది, డెబ్బై. వంద.

మెట్లు దిగుతుంటే కింద బాబా గొంతు వినిపించింది. ఆయన పాడుతున్నాడు. ఆ మూడో పాటే, శ్రుతి లేకుండా, దగ్గుతూ, చాలా గట్టిగా. బాబా పాడగా నేనెప్పుడూ వినలేదు. కఫీల్ వెళ్ళిపోయాడు కాబట్టి సంతోషంగా పాడుతున్నాడనుకున్నాను. మిగిలిన మెట్లు పరుగెత్తి దిగాను. రికార్డు ఆగిపోతే పైనున్న పిల్ల దిగొచ్చేస్తుందని, పాట ఆగలేదని నాకు చెప్పడానికే ఆ ముసలాయన నోటితో పాడుతున్నాడని అప్పుడు తెలియలేదు.

హాల్లో కొవ్వొత్తి వెలుగుతోంది. కఫీల్ నా వైపే చూస్తున్నాడు. బాబా పాట మధ్యలో ఆపేశాడు.

అమ్మ వంటింట్లోంచి పళ్ళెంతో వచ్చింది. నన్ను చూసింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, తనకు వచ్చిన కాసిని అరబ్బీ ముక్కలతో అడిగింది, ఎవరి పిల్లవి నువ్వు, తలుపు తీసి ఉంటే లోపలికి వచ్చేస్తావా అని. అమ్మ నాతో అరబ్బీ మాట్లాడటం అదే మొదలు. నేను "అమ్మా" అనబోయాను. అమ్మ నా గౌను అంచు పట్టుకుని ఒడి చేసి, అందులో గుప్పెడు వేరుశనగలు పోసింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. కఫీల్ నవ్వాడు. హిందీ పిల్లలు కూడా గర్గావూన్‌కి బయల్దేరారా అన్నాడు, ఇక్కడ మనవాళ్ళందరినీ అలాగే అంటారు. తను కూడా రెండు మిఠాయిలు తీసి వేశాడు. "యల్లా, యల్లా" అంటూ అమ్మ నన్ను వీధి తలుపులోంచి బయటికి తోసి గడియ పెట్టింది.

ఏడాదిగా ఆ తలుపు దాటలేదు. వీధంతా చీకటి. పిల్లల గుంపు ఒకటి నన్ను తనతో లాక్కుపోయింది. వాళ్ళ పాట నాకు రాదు. ఒడి గట్టిగా పట్టుకుని నడిచాను. చీకట్లో అమ్మ నన్ను గుర్తుపట్టలేదు, అదొక్కటే అనుకుంటున్నాను. గుర్తుపట్టకపోతే ఇంక నేనెవరినని చెప్పుకోవాలి? గుంపు ఏదో ఇంట్లోకి పోయింది. నేను సందు చివర సముద్రం దగ్గర తేలాను. పడవ ఒకటి బోర్లించి ఉంది. దాని పక్కన కూర్చున్నాను.

కొంత సేపటికి వీధుల్లో దీపాలు వచ్చాయి. దూరం నుంచి పియానో వినిపించింది. ఎప్పుడూ లేనంత గట్టిగా, సముద్రం దాకా. అది మా ఇంటి పాటేనని వెంటనే తెలిసింది. పాట ఉన్నంతసేపూ కదలకూడదు. పడవకి ఆనుకుని, వేరుశనగలు కూడా కదలకుండా కూర్చున్నాను. కుర్చీ కిర్రుమంది. ఆయన గొణిగాడు. రికార్డు ఆగింది, తిరగేశారు, మళ్ళీ మొదలైంది. చీమలు కాళ్ళెక్కుతున్నా కదలలేదు.

రెండో వైపు సగంలో అమ్మ వచ్చింది, చెప్పులు లేకుండా.

"చిట్టీ! చెవుడొచ్చిందేంటే? ఆడు ఎల్లిపోగానే కిటికీలన్నీ తీసి నీకోసమే పెట్టేరు కదే బాబా, పాట పట్టుకుని వచ్చేత్తావని! సందులన్నీ తిరిగేను!"

"పాట ఉంటే కదలొద్దన్నావు కదా" అన్నాను.

అమ్మ ఇసకలో కూలబడింది. కొట్టడానికెత్తిన చెయ్యి అలాగే నా తల మీద పెట్టింది. నేను, "నన్ను ఎవరి పిల్లవన్నావు" అన్నాను.

"అన్నాను" అంది. అంతే. తర్వాత బతికున్నన్నాళ్ళూ ఆ సాయంత్రం గురించి అమ్మ ఒక్క ముక్క మాట్లాడలేదు, నేనూ అడగలేదు. ఆ చలికాలంలో బాబా ఆఫీసుల చుట్టూ తిరిగి నాకు ఔట్‌పాస్ ఇప్పించాడు, వీసా దాటిపోయినవాళ్ళు దేశం వెళ్ళడానికి ఇచ్చే కాగితం, మేమిద్దరం ఊరికి వెళ్ళిపోయాం. కొడుకుతో ఏం చెప్పాడో మాకు తెలియదు. నేను నర్సింగు చదివి తిరిగొచ్చేసరికి ఆయన లేడు. మూడు రికార్డుల్లో ఒకటి అమ్మకి ఇచ్చాడని కూడా నాకు ఈ పెట్టె తెరిచాకే తెలిసింది. వినడానికి మా ఇంట్లో ఎప్పుడూ ఏమీ లేదు. ఊరి ఇంట్లోంచి తుబ్లీ ఫ్లాటు దాకా, నలభై ఏళ్ళ పైన, అమ్మ దాన్ని పగలకుండా మోసింది.

సనాబిస్‌లో ఆ ఇల్లు లేదు, వేపచెట్టు లేదు. సముద్రం కూడా లేదు. దాన్ని మట్టితో పూడ్చి సీఫ్ అనే కొత్త పేట కట్టారు, పడవ బోర్లించి ఉన్నచోట ఇప్పుడు పెద్ద అంగళ్ళు. అక్కడ ఒక కాఫీ షాపులోనే పోయిన నెల బెజిలాయన్ని మళ్ళీ విన్నాను. షాపు కుర్రాణ్ణి అడిగితే ఫోనులో చూపించాడు, కొత్త రికార్డింగు. ఎనభై దాటినా ఆ పాటలే మళ్ళీ వాయించాడు. వేళ్ళు నెమ్మదించాయి. కుర్చీ చప్పుడు లేదు. గొణుగుడు మాత్రం ఉంది.

నిన్న ఇంట్లో పెట్టుకుని విన్నాను. ఇప్పటి పాటలకి వైపులు లేవు, ఒకటి అవుతుండగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది, లేచి తిరగెయ్యాల్సిన మనిషి అక్కర్లేదు. చాలాసేపు చూసి నేనే ఆపేశాను. అమ్మ మంచం వైపు తిరిగి కూర్చుని లెక్కపెట్టాను. అరవై, అరవై ఒకటి, అరవై రెండు, ఒక్కటీ వదల్లేదు. వంద అయింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.